45 నిమిషాల బ్యాచ్‌లో ఈత వేగం పెరగాలంటే: ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి

మా కర్నూలులో పొద్దున ఆరు గంటల బ్యాచ్‌కి వచ్చే ఒక తమ్ముడు ఉగాది ముందు గోడ పట్టుకుని నిలబడి అడిగాడు. “సార్, ఆరు నెలలుగా రోజూ నలభై లెంగ్తులు కొడతా ఉన్నా. ఆయాసం తగ్గింది గానీ టైమ్ మాత్రం కదల్లేదు. ఇంకో పది కలపాల్నా?” (పూల్‌లో ఈ కొస నుంచి ఆ కొసకి ఒకసారి ఈదితే ఒక లెంగ్త్.) కలపొద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పేలోపు విజిల్ ఊదేశారు, బ్యాచ్ అయిపోయింది. మిగతాది ఆ తర్వాత రోజుకింత చెప్తూ వచ్చాను. అదంతా ఒకచోట పెడుతున్నాను. ఉద్యోగమో దుకాణమో చూసుకుంటూ, రోజుకు ఒక్క బ్యాచ్ మాత్రమే దొరికే పెద్దవాళ్ళ కోసం ఇది. బోర్లా పడుకుని ఒక చేయి తర్వాత ఒక చేయి వేసే ఫ్రీస్టైల్ గురించే చెప్తున్నాను. కప్ప ఈత, వెల్లకిలా ఈత లెక్కలు వేరు.

బోర్డు మీద బ్యాచ్ 45 నిమిషాలని రాసి ఉంటుంది. షవర్ కింద తడిసి, క్యాప్ సర్దుకుని దిగేసరికి అయిదు నిమిషాలు. తెలిసిన ముఖం కనబడితే ఇంకో రెండు. చివర్లో “రండి, రండి” అని పిలవడం విజిల్‌కి ముందే మొదలవుతుంది. నికరంగా మిగిలేది 35 నిమిషాలు. 100 మీటర్లు రెండున్నర నిమిషాల్లో ఈదేవాడు ప్రతి వందకీ 20 సెకన్లు ఆగితే ఈ టైమ్‌లో పన్నెండు సార్లు వంద పడుతుంది. అంటే 1200 మీటర్లు. పోటీలకు వెళ్ళే పిల్లలు ఒక్క పూటలో దీనికి మూడు నాలుగు రెట్లు ఈదుతారు. దూరంలో వాళ్ళతో పోటీ పడలేం.

పడకపోయినా పెద్ద నష్టం లేదు. అమెరికాలో డేవిడ్ కాస్టిల్ అనే వ్యాయామ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1991లో ఒక పరిశోధన ప్రచురించారు. కాలేజీ ఈతగాళ్ళని రెండు గుంపులు చేసి, కొన్ని వారాల పాటు ఒక గుంపుకి రోజుకు ఒకసారి గంటన్నర, రెండో గుంపుకి పొద్దునా సాయంత్రం గంటన్నర చొప్పున శిక్షణ ఇచ్చారు. రెండింతలు ఈదినవాళ్ళకి పోటీలో అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. వాళ్ళు అప్పటికే ఏళ్ళ తరబడి ఈదినవాళ్ళు, మన 35 నిమిషాలూ వాళ్ళ గంటన్నరా ఒకటి కావు, ఆ మాట నిజమే. అయినా లెంగ్తులు పెంచుకుంటూ పోతే వేగం దానంతట అదే వస్తుందన్న నమ్మకం మాత్రం అక్కడే సడలాలి.

అసలు చిక్కు నీళ్ళలో ఉంది. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు చిక్కన. మన వేగం రెట్టింపైతే నీళ్ళు అడ్డుకునే బలం దాదాపు నాలుగింతలవుతుంది, దాన్ని నెట్టుకు పోవడానికి కావాల్సిన శక్తి ఎనిమిదింతలు. రెట్టింపు సంగతి వదిలేయండి, పది శాతం వేగం పెంచాలన్నా మూడో వంతు శక్తి ఎక్కువ పెట్టాలి. రోజుకు 35 నిమిషాల ఈతతో ఆ మూడో వంతు ఎప్పటికి రావాల? ఒళ్ళు నీళ్ళలో పడుకునే తీరు సరిచేసుకుంటే అడ్డమే తగ్గిపోతుంది, కొత్తగా శక్తి అక్కర్లేదు. నా సలహాలన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతాయి. అడ్డం ఎక్కువున్నవాడు అడ్డం తగ్గించుకోవాలి. అడ్డం తగ్గినవాడు శక్తి పెంచుకోవాలి. మీరు ఎవరో తెలియకుండా పద్ధతి ఎంచుకోవడమే పెద్ద దండగ.

మీది బావి ఈతా, పూల్ ఈతా?

మా ప్రాంతంలో ఈదేవాళ్ళు రెండు రకాలు. నా వయసువాళ్ళు ఎక్కువమంది బావిలో నేర్చుకున్నవాళ్ళు. వీపుకు బెండు, నడుముకు తాడు, తాడు కొస నాయన చేతిలో. నాలుగు రోజులకి బెండు తీసేస్తారు, అయిదో రోజు గట్టు మీద నుంచి దుంకుతాం. భయం అప్పుడే పోతుంది, మళ్ళీ రాదు. గుండెల్లో దమ్ము కూడా బాగుంటుంది. కానీ బావిలో తల పైకి పెట్టి ఈదడం అలవాటవుతుంది. పెట్టకపోతే ఎలా? పైనుంచి ఎవడు మీద పడతాడో చూసుకోవాలి కదా! తల లేస్తే నడుము, కాళ్ళు కిందికి దిగుతాయి. ఒళ్ళు ఏటవాలుగా నీళ్ళని తోసుకుంటూ పోతుంది. నేను ఇరవై ఏళ్ళు అలాగే ఈదాను, బలం చాలట్లేదనుకున్నాను.

బోర్లు వచ్చి బావులు ఎండాక పిల్లలు వేసవి క్యాంపుల్లో నేర్చుకుంటున్నారు. వీళ్ళ ఈత చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. తల నీళ్ళలో, కాళ్ళు పైన. రెండు లెంగ్తులయ్యాక మాత్రం గోడ పట్టేసుకుంటారు. నెల రోజుల క్యాంపులో రూపం వస్తుంది, దమ్ము రాదు.

మూడో రకం ఈమధ్య ఎక్కువయ్యారు: జిమ్ నుంచి వచ్చే కుర్రాళ్ళు. భుజాలు రాళ్ళలా ఉంటాయి, మొదటి లెంగ్త్ మోటారు బోటులా పోతారు, రెండో దానికి మునకలేస్తారు. వీళ్ళకీ బావి ఈతవాళ్ళకీ మందు ఒకటే. ఆ మాట వాళ్ళతో అంటే నొచ్చుకుంటారు.

నమ్మకంగా తేల్చుకోవాలంటే మూడు అంకెలు కావాలి. ఒక లెంగ్త్‌కి ఎన్ని చేతులు వేస్తున్నారు? కుడి ఒకటి, ఎడమ రెండు, అలా లెక్కపెట్టండి. ఇక 200 మీటర్లు ఎంతలో, 400 మీటర్లు ఎంతలో. 200, 400 రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. అలసిపోయి ఈదిన టైమ్ పనికిరాదు.

200, 400 టైమ్‌లు ఎందుకంటే, 400 టైమ్‌లోంచి 200 టైమ్ తీసేసి సగం చేస్తే మీరు ఎక్కువసేపు నిలబెట్టుకోగల వేగం వస్తుంది. ఉదాహరణకి నాది: 400కి 10 నిమిషాల 40 సెకన్లు, 200కి 5 నిమిషాలు. తేడా 5 నిమిషాల 40 సెకన్లు, సగం 2 నిమిషాల 50 సెకన్లు. వందకి 2:50, అది నా నికరమైన వేగం. ఇంటర్వెల్స్ (కొంత దూరం ఈది, కొద్దిసేపు ఆగి, మళ్ళీ ఈదడం) అన్నీ ఈ అంకె మీదే కట్టుకోవాలి.

ఈ అంకెలు తీసేముందు ఒక పని చేయండి. పూల్‌ని టేపు పెట్టి కొలవండి. నవ్వకండి. ఇంతకు ముందు నేను వెళ్ళిన ఒక ప్రైవేటు పూల్‌లో 25 మీటర్లని చెప్పారు. అక్కడ నా టైమ్‌లు చూసుకుని మురిసిపోయేవాణ్ణి. పూల్ మారగానే ప్రతి వందకీ పది సెకన్ల పైనే పెరిగింది. వయసైపోతోందని దిగులుపడి, డాక్టర్ దగ్గరికి కూడా పోదామనుకున్నాను. చివరికి ఒక మిత్రుడు మేస్త్రీ టేపు పట్టుకుని ఆ పాత పూల్ కొలిచాడు. 23 మీటర్లు! నేను 400 అనుకుని రెండేళ్ళు ఈదింది 368.

లెంగ్తులు కొడుతూ పోవడం ఎవరికి పనికొస్తుంది

ఆగకుండా ఒకే వేగంతో ముప్పై నలభై లెంగ్తులు. మన పూల్స్‌లో నూటికి తొంభై మంది చేసేది ఇదే. బరువు తగ్గడానికి, బీపీ, షుగర్ అదుపులో ఉంచుకోవడానికి, మనసు తేలిక కావడానికి ఇంతకంటే మంచిది లేదు. అదే మీకు కావాలంటే ఇక్కడితో ఆపేసి హాయిగా ఈదుకోండి. వేగానికి మాత్రం ఇది బలహీనమైన దారి. అలసిన ఒంటితో తప్పు ఈతని వెయ్యిసార్లు చేస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. పైగా ఏ వేగంతో ఈదితే ఒళ్ళు ఆ వేగానికే అలవాటుపడుతుంది. ఆగకుండా 400 మీటర్లు ఈదలేనివాళ్ళకి మాత్రం మొదటి రెండు నెలలు ఇదే సరి, అంతవరకు మిగతావేవీ వాళ్ళకి అక్కర్లేదు.

డ్రిల్సా, ఇంటర్వెల్సా?

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. చేతుల లెక్కతో నేను ఇలా విడదీస్తాను. మామూలు ఎత్తున్న పెద్దవాళ్ళకి, కొలిచిన 25 మీటర్ల పూల్‌లో, 28 కంటే ఎక్కువ చేతులు పడుతుంటే డ్రిల్స్. 20కీ 24కీ మధ్య ఉంటే ఇంటర్వెల్స్. ఆ మధ్యలో ఉంటే రెండూ సగం సగం. 17, 18 చేతుల్లో పోతూ టైమ్ మాత్రం రావట్లేదంటే మీరు ప్రతి చేయికీ మధ్యలో ఆగి జారుతున్నారని అర్థం. ఆ జారుడులో వేగం చచ్చిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకోవాలి. పొట్టివాళ్ళు ఈ అంకెలకి రెండు మూడు కలుపుకోండి. ఇవి నా అనుభవం మీద వేసుకున్న గీతలు, చట్టం కాదు.

డ్రిల్స్ అంటే ఈతని ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ దిద్దుకోవడం. పేర్లు చాలా ఉన్నాయి. 35 నిమిషాలవాడికి మూడు చాలు. మొదటిది పక్కకి తిరిగి తన్నడం: ఒక చేయి ముందుకి చాచి, రెండోది తొడకి ఆనించి, ఆరు తన్నులు తన్ని పక్క మారాలి. తల ఎక్కడుండాలో, ఒళ్ళు ఎలా దొర్లాలో ఇదొక్కటే నేర్పుతుంది. చూపు నేలకేసి ఉండాలి, ముందుకి కాదు. ఊపిరి తీసుకోవడానికి తిప్పినప్పుడు ఒక గాగుల్ నీళ్ళలోనే ఉండాలి. బావి ఈతవాళ్ళకి ఇక్కడ నరకం కనిపిస్తుంది. రెండు వారాలు ఓర్చుకోవాలి.

రెండోది పిడికిలి ఈత. చేతులు ముడుచుకుని ఒక లెంగ్త్, తెరిచి ఒక లెంగ్త్. ముడిచినప్పుడు అరచేయి దొరకదు కాబట్టి ముంజేయితో నీళ్ళు పట్టుకోవాల్సి వస్తుంది. మోచేయి పైన ఉంచి, ముంజేతిని నిలువుగా దించి, నీళ్ళని వెనక్కి తోయడమే ఫ్రీస్టైల్‌లో ఇంజను. చాలామంది నీళ్ళని కిందికి నొక్కుతారు. దానివల్ల ఒళ్ళు పైకి లేస్తుంది కానీ ముందుకి పోదు. పిడికిలి విప్పగానే చేతిలో తెడ్డు మొలిచినట్టుంటుంది. అలా అనిపించలేదంటే మీరింకా కిందికే నొక్కుతున్నారు.

మూడోది ఊపిరి. దీన్ని డ్రిల్ అనడమే ఎక్కువ. తల నీళ్ళలో ఉన్నంతసేపూ బుడగలు వదులుతూనే ఉండాలి. చాలామంది బిగబట్టి, తల పైకి లేచాక వదిలి, అదే క్షణంలో పీల్చబోతారు. రెండూ కుదరవు, ఆయాసం వస్తుంది, “స్టామినా లేదు” అనుకుంటారు. ఇక్కడొక హెచ్చరిక. బావిలో మునిగీత పందాలు వేసుకున్నట్టు, దమ్ము పెరుగుతుందని ఊపిరి బిగబట్టి నీటి అడుగున లెంగ్తులు కొట్టేవాళ్ళున్నారు. చెప్పా పెట్టకుండా నీళ్ళలోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. వేగానికి దాని అవసరమూ లేదు.

ఇంటర్వెల్స్ సంగతి. ఇవి రెండు తీర్లు. ఒకటి నికర వేగం మీద: నా 2:50 ప్రకారం, ఎనిమిది సార్లు వంద, ప్రతిసారీ 2:50కి తగ్గకుండా పెరగకుండా, మధ్యలో 20 సెకన్లు. మొత్తం 25 నిమిషాలు. ముందు అయిదు నిమిషాలు ఒళ్ళు వేడెక్కడానికి, చివర నాలుగు నిమిషాలు మెల్లగా. బ్యాచ్‌లో సరిగ్గా పడుతుంది. మొదటి రెండు వందలు తేలిగ్గా పోతాయి కాబట్టి అందరూ వాటిని 2:35లో కొట్టేస్తారు. ఏడో వందకి మూడు నిమిషాలు దాటుతుంది. అలాంటిది చేసినా చేయకపోయినా ఒకటే. మొదటి వందకీ చివరి వందకీ తేడా మూడు సెకన్లు మించకపోతేనే ఆ రోజు పని అయినట్టు.

రెండో తీరు చిన్న ముక్కలు, పోటీ వేగం. అమెరికాలో ప్రొఫెసర్ బ్రెంట్ రషాల్ దీన్ని గట్టిగా ప్రచారం చేశాడు. దూరాలు తగ్గించి, మీరు చేరాలనుకున్న వేగంతోనే పదేపదే ఈదడం, కొద్దిసేపు ఆగడం. వంద 2:20లో కొట్టాలనుకుంటే 25కి 35 సెకన్లు. పదహారు సార్లు 25, ప్రతిదీ 35లో, మధ్యలో 20 సెకన్లు. పదిహేను నిమిషాల్లోపే అయిపోతుంది. టైమ్ తప్పితే ఒకటి వదిలేసి మళ్ళీ మొదలుపెట్టాలి, వరసగా రెండు తప్పితే ఆ రోజుకి చాలు. మొండిగా పూర్తి చేయకూడదు. అసలు కిటుకు అదే, కొత్త వేగంతో సరిగ్గా ఈదినవే లెక్కలోకి వస్తాయి. రషాల్ పద్ధతి మీద కోచ్‌లలో వాదులాటలు చాలా ఉన్నాయి, అది ఒలింపిక్స్ స్థాయి గొడవ. టైమ్ తక్కువున్న మనకి మాత్రం ఇది అచ్చంగా కుట్టించినట్టు సరిపోతుంది.

రెంటిలో ఏది? చేతుల లెక్క కుదిరినవాళ్ళు వారంలో ఒక రోజు అది, ఒక రోజు ఇది పెట్టుకోండి. 50, 100 మీటర్లే లక్ష్యమైతే చిన్న ముక్కల వైపు మొగ్గండి. 400, ఆపైన అయితే నికర వేగం వైపు. నలభై దాటినవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు పూర్తి బలంతో కొట్టే ముందు డాక్టర్‌ని ఒక మాట అడగడం మంచిది.

ఇంకొకటి, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు: మలుపులు. 25 మీటర్ల పూల్‌లో 400 మీటర్లంటే 15 మలుపులు. గోడ దగ్గర ఆగి, ఊపిరి పీల్చి, చుట్టూ చూసి తిరగడానికీ, చేయి తగలగానే మోకాళ్ళు ముడిచి గోడని తన్ని బాణంలా పోవడానికీ మలుపుకి ఒక సెకను తేడా వేసుకున్నా 15 సెకన్లు. ఆ 15 సెకన్లు ఈతలో సంపాదించాలంటే నాకు నాలుగు నెలలు పట్టింది. పల్టీ కొట్టి తిరిగే మలుపు నేర్చుకోవడానికి మన దగ్గర టైమ్ లేదు, మామూలు మలుపునే చురుగ్గా చేయండి. తన్నాక రెండు చేతులూ చెవులకి ఆనించి చాచండి. వేసవిలో రద్దీగా ఉన్నప్పుడు గోడ దగ్గర పిల్లలు బారులు తీరి ఉంటారు, ఆ నెలల్లో దీని గురించి మర్చిపోవాల్సిందే.

ఒడ్డు మీద పని

2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం ఆస్ట్రేలియా ఈతగాడు కామెరాన్ మెక్‌ఎవోయ్‌ది. టైమ్ 21.25 సెకన్లు. అంతకు ముందు ఏళ్ళ తరబడి కిలోమీటర్ల కొద్దీ ఈది, తర్వాత పూల్‌లో దూరం బాగా తగ్గించేసి, ఒడ్డు మీద బలం పెంచుకునే కసరత్తు వైపు తిరిగాడు. ఈ కథ వినగానే జిమ్ తమ్ముళ్ళకి ప్రాణం లేచొస్తుంది. అయితే ఆయన ఒళ్ళు నీళ్ళలో పడుకునే తీరు పాతికేళ్ళ వయసుకి ముందే కుదిరిపోయింది. మనకి అది లేదు. 50 మీటర్లకి పనికొచ్చింది 400కి అంతగా పనికి రాదు కూడా.

అయినా ఇంటి దగ్గర పావుగంట దొరికితే వదులుకోవద్దు. సైకిల్ షాపులో పాత ట్యూబ్ అడగండి, కోసి కిటికీ గ్రిల్‌కి నడుము ఎత్తులో కట్టండి. ముందుకి వంగి, రెండు కొసలూ పట్టుకుని, మోచేతులు పైనే ఉంచి ఫ్రీస్టైల్‌లో లాగినట్టే లాగండి. ఇరవై చొప్పున మూడు విడతలు. కొనే రబ్బరు తాళ్ళు ఇంకాస్త నున్నగా ఉంటాయంతే. దాంతోపాటు ప్లాంక్, అంటే మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళుని బద్దలా ఆపి ఉంచడం. భుజం నొప్పి మొదలైతే అన్నీ ఆపేయండి.

కాళ్ళ గురించి. కిక్ బోర్డు పట్టుకుని ఎంత తన్నినా ముందుకి కదలనివాళ్ళు మన బ్యాచ్‌లో కనీసం ముగ్గురుంటారు. వాళ్ళలో బలం లేక కాదు, చీలమండలు బిగుసుకుపోయి పాదం వెనక్కి చాచుకోదు. గాలానికి కొక్కెంలా పాదం నీళ్ళని పట్టుకుంటుంది. దానికి పూల్‌లో పది నిమిషాలు తన్నడం దండగ. ఇంట్లో వజ్రాసనం వేయండి. టీవీ చూస్తూ రోజూ అయిదు నిమిషాలు, మోకాళ్ళ నొప్పులు లేకపోతేనే. ఈ ఒక్క విషయంలో పూల్ కంటే చాప మేలు.

రోజూ వెళ్ళాలా, రోజు విడిచి రోజా?

వారానికి రెండు గంటల ఇరవై నిమిషాలు నీళ్ళలో గడపగలరనుకోండి. రెండు రోజులు 70 నిమిషాలా, నాలుగు రోజులు 35 నిమిషాలా? డ్రిల్స్ దశలో ఉంటే అనుమానం లేకుండా నాలుగు రోజులు. నీళ్ళ పట్టు చేతికి తొందరగా వస్తుంది, అంతే తొందరగా పోతుంది. మూడు రోజులు దిగకపోతే అరచేతికి నీళ్ళు కొత్తగా తగులుతాయి. ఇంటర్వెల్స్ దశలో ఉన్నవాళ్ళకి మూడు రోజులైనా చాలు, మధ్యలో ఒంటికి విరామం దొరుకుతుంది.

దారి లెక్క కూడా వేసుకోండి. పూల్ అయిదు నిమిషాల దూరంలో ఉంటే ఒక మాట, నంద్యాల చెక్‌పోస్ట్ వైపు నుంచి ఊరంతా దాటి రావాలంటే ఇంకో మాట. 35 నిమిషాల ఈతకి గంటన్నర పోతుంటే మూడు రోజులు పూల్, రెండు రోజులు ఇంట్లో ట్యూబ్ అన్నది నా ఓటు. రోజూ రావాలని పట్టుదలకి పోయినవాళ్ళు మూడో వారానికల్లా మానేయడం చూశాను.

పొద్దున, సాయంత్రం బ్యాచ్‌ల మధ్య మా ఊళ్ళో తేడా చాలా ఉంది. పోటీల పూల్‌లో నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నిబంధన. ఏప్రిల్, మే నెలల్లో మా ఎండకి పైకప్పు లేని పూల్ సాయంత్రానికి కాగు నీళ్ళలా ఉంటుంది. అందులో వేగంగా ఈదితే ఒంటి వేడి బయటికి పోదు, తల దిమ్మెక్కుతుంది. ఈదుతున్నప్పుడు చెమట పట్టినట్టు తెలియదు కానీ పడుతుంది, నీళ్ళ సీసా గట్టు మీద ఉండాలి. ఎండాకాలంలో ఇంటర్వెల్స్‌కి పొద్దున బ్యాచ్, సాయంత్రమే కుదిరేవాళ్ళు డ్రిల్స్‌తో సరిపెట్టుకోండి. పరగడుపున దిగలేనివాళ్ళు ఒక అరటిపండు తినొచ్చు. ఉగ్గాని, బజ్జీ మాత్రం ఈత అయ్యాకే. ముందు తిని దిగి నేనొకసారి పడ్డ అవస్థ ఇక్కడ వద్దులెండి.

కోచ్, ఫోను, వాచీ

నెల ఫీజు కట్టి క్యాంపులో చేరితే నలభై మంది పిల్లల మధ్య మీరొకరు. కోచ్‌ది తప్పు కాదు, ఆయన పని ముందు పిల్లలు మునగకుండా చూడటం. దాని బదులు క్యాంపుల రద్దీ లేని నెలల్లో, అదే కోచ్‌ని అడిగి విడిగా నాలుగైదు రోజులు చెప్పించుకోండి. మీ తల, మీ మోచేయి చూసి ఆయన చెప్పే రెండు మాటలు ఆరు నెలలకి సరిపోతాయి. ఆ తర్వాత ఫోను వాడండి. మిత్రుడి చేత పక్క నుంచి ఒక లెంగ్త్ వీడియో తీయించుకోండి. ఆడవాళ్ళ బ్యాచ్ జరుగుతున్నప్పుడు ఫోను బయటికి తీయకూడదు, మీ బ్యాచ్‌లో అయినా పూల్ వాళ్ళని అడిగే తీయాలి. మొదటి వీడియో చూసుకున్న రోజు నేను భోంచేయలేదు. నా మనసులో ఉన్న ఈతకీ, తెర మీద కొట్టుకుంటున్న మనిషికీ పోలికే లేదు.

వాచీ మూడో స్థానం. లెంగ్తులు, టైమ్ బాగానే చూపిస్తుంది, డ్రిల్స్ చేసేటప్పుడు లెక్క తప్పుతుంది. పూల్ పొడవు మీరు ఏది పెడితే దాన్నే నమ్ముతుంది, నా 23 మీటర్ల సంగతి గుర్తుంచుకోండి. గోడ గడియారం కనబడే పూల్ అయితే వాచీ డబ్బులు కోచ్‌కి ఇవ్వడం తెలివైన పని.

సంచిలో పెట్టుకునే సామాన్ల గురించి రెండు ముక్కలు. నీళ్ళు పోని గాగుల్స్ ముందు. తర్వాత పాదాలకి తొడిగే పొట్టి ఫిన్స్: పక్కకి తిరిగి తన్నే డ్రిల్‌లో మునిగిపోకుండా కాపాడతాయి. కాళ్ళ మధ్య పెట్టుకునే పుల్ బాయ్‌తో జాగ్రత్త. అది పెట్టగానే కాళ్ళు తేలి, టైమ్ తగ్గి, హాయిగా ఉంటుంది. తీయగానే మళ్ళీ మొదటికొస్తుంది. బావి ఈతవాళ్ళు దాన్ని ఊతకర్రలా పట్టేసుకుంటారు. చేతికి తొడిగే ప్యాడిల్స్ చేతుల లెక్క 24 లోపు వచ్చేదాకా కొనొద్దు, తప్పు పట్టుతో లాగితే భుజం పోతుంది.

డబ్బు దండగని కాలువలో ప్రాక్టీసు చేద్దామనేవాళ్ళు ఏటా తగులుతారు. సుంకేసుల నుంచి కడప వైపు పోయే కె.సి. (కర్నూలు-కడప) కాలువ పందొమ్మిదో శతాబ్దంలో తవ్వింది, అప్పట్లో పడవలు నడపాలన్న ఉద్దేశం కూడా ఉండేది. పడవకి అనువైనది ఈతకి కాదు. వాలుకి ఈదితే వచ్చే టైమ్ కాలువది, మీది కాదు. ఒరవడి ఎక్కువున్నప్పుడు పాచి పట్టిన గట్టు మీదికి ఎక్కలేక మంచి ఈతగాళ్ళు కూడా పోతారు. ఊళ్ళో నీళ్ళున్న బావి ఇంకా మిగిలి ఉంటే ఆదివారం పిల్లలతో దిగి ఈదులాడుకోండి. స్టాప్‌వాచ్ ఇంట్లో పెట్టి వెళ్ళండి, పక్కన ఈత వచ్చిన ఇంకొకరు ఉండాలి.

ఇక ఆ తమ్ముడి సంగతి. చేతులు లెక్కపెట్టమంటే 33 వచ్చాయి, వందకి టైమ్ 2:50. తల ఎత్తి ఈదుతున్నాడు, కొడుమూరు వైపు ఊరు, బావి ఈత. ఆరు వారాలు లెంగ్తులు సగానికి తగ్గించి, నాలుగు రోజులూ డ్రిల్స్ చేయమన్నాను. మొదటి వారం ముఖం మాడ్చుకున్నాడు. “ఇరవై కొడితే ఈదినట్టే లేదు సార్, ఇంటికి పోయినాక ఆకలి కూడా అయితా లేదు” అని. మూడో వారం తల కుదిరింది, నాలుగో వారం చూస్తే మళ్ళీ పాత ఈతే. వీడియో తీసి చూపించాను. ఏడో వారంలో మళ్ళీ లెక్కపెడితే 26, వంద 2:36. ఇప్పుడు మంగళవారం చిన్న ముక్కలు, శుక్రవారం నికర వేగం, మిగతా రెండు రోజులు డ్రిల్స్ చేస్తున్నాడు. వజ్రాసనం మాత్రం వేయట్లేదు, వేస్తున్నానని చెప్తాడు, పాదాలు చూస్తే తెలిసిపోతుంది.

పోయిన వారం గోడ దగ్గర మళ్ళీ అడిగాడు, “ఇప్పుడన్నా పది కలపాల్నా సార్?”

ఈసారి వద్దనలేదు. ఆదివారం బ్యాచ్‌లో జనం తక్కువ, ఆ ఒక్క రోజు కలుపుకోమన్నాను. చేతుల లెక్క 27 దాటిన లెంగ్త్ దగ్గర మాత్రం ఆపేయమన్నాను.